1974 బుల్లెట్ 350 ఇంజిన్ ఇంట్లోనే విప్పుతున్నా: బిగ్ ఎండ్‌కి బుష్షా, రోలరా?

కోవూరు_కిక్కర్
మా తాత నడిపిన 1974 బుల్లెట్ 350 కోవూరు ఇంట్లో గడ్డి షెడ్డులో ఏళ్ల తరబడి పడుంది. ఇంజిన్ దించి వరండాలో పెట్టుకుని ఇంట్లోనే విప్పుతున్నా. హెడ్డు, బ్యారెల్ వచ్చేశాయి. పిస్టన్ పట్టేయలేదు, అదొక్కటే సంతోషం. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పైభాగంలో గోరు పెట్టి లాగితే మెట్టు తగులుతోంది. కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తే టక్‌మంటోంది. నెల్లూరులో ఒక మెకానిక్‌కి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే "క్రాంక్ మొత్తం మార్చెయ్, రోలర్ బేరింగ్ రాడ్డు వెయ్, బోరు నలభైకి కొట్టించు" అని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. బోర్ గేజ్ కాదు కదా, స్కేలు కూడా పెట్టలేదు. అసలు ఇన్ని మార్చాలా? బిగ్ ఎండ్‌లో, అంటే రాడ్డు కింది చివర క్రాంక్ పిన్ను మీద కూర్చునే చోట, బుష్ (నునుపు లోహపు గొట్టం) తీసేసి రోలర్ బేరింగ్ వేస్తే మంచిదేనా? ఇంకోటి, టైమింగ్ కవర్ తీశాక క్రాంక్ చివర ఆయిల్ పంపుల్ని తిప్పే వర్మ్ నట్టు ఉంది చూడండి, అది కాస్త కూడా కదలట్లేదు. రేపు స్పానర్‌కి పైపు తగిలించి లాగుదామనుకుంటున్నా.

టాపెట్_చప్పుడు
పైపు మాట మర్చిపో తమ్ముడూ. ఆ నట్టుది రివర్స్ థ్రెడ్డు. ఎదురుగా నిలబడి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు, ఊడొస్తుంది. క్రాంక్ తిరిగేటప్పుడు పంపుల బరువుకి వదులు కాకుండా ఉండాలని అట్టా పెట్టారు. పైపు రెంచీ మాత్రం తగిలించొద్దు. పంపుల్ని తిప్పే వర్మ్ పళ్లు ఆ నట్టు మీదే ఉంటాయి, అవి నలిగితే ఆయిల్ పంపు సంగతి అంతే.

చీమకుర్తి_గెలాక్సీ
ఈ ఒక్క నట్టు దగ్గర ఎన్ని బుల్లెట్లు ఆగిపోయి పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయాయో.

ఒంగోలు_లేత్
నేను మెషిన్ షాపులోనే పని చేస్తా కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, విసుక్కోకండి.

కొలవకుండా నలభై అన్నాడంటే ఆ మనిషి దగ్గర నలభై పిస్టన్ ఉందని అర్థం, నీ బోరు అరిగిందని కాదు. ఆ ఇంజిన్ బోరు 70 ఎంఎం, స్ట్రోక్ 90, మొత్తం 346 సీసీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు 20, 40, 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున వస్తాయి. అంటే నీ బ్యారెల్‌కి ఉన్నవి ఆ మూడు అవకాశాలే. 20తో శుభ్రమయ్యే బోరుని 40కి కోసేస్తే ఒక రీబోరు ఆయుష్షు ఊరికే చిప్స్ కింద పోయినట్టే. బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిపించు. ప్రతి చోటా రెండు దిక్కుల్లో, అంటే ముందు-వెనక ఒకసారి, ఎడమ-కుడి ఒకసారి. అరుగుదల ఎప్పుడూ పైరింగు ఆగి వెనక్కి తిరిగే చోట ఎక్కువ, ముందు-వెనక దిక్కులో ఎక్కువ. నీ గోరుకి తగిలిన మెట్టు అదే.

ముందు పిస్టన్ కొను, తర్వాత బోరు కొట్టించు. పిస్టన్ చేతిలో లేకుండా బోరు కొట్టే షాపు నుంచి బ్యారెల్ వెనక్కి తెచ్చుకో. ఒకే సైజు అని రాసున్న రెండు పిస్టన్లు కూడా మైక్రోమీటర్ పెడితే తేడా వస్తాయి, పైగా ఎంత క్లియరెన్స్ ఇవ్వాలో ఆ పిస్టన్ చేసినవాడే చెప్పాలి. రింగు గ్యాప్‌కి పాత లెక్క ఒకటుంది, అంగుళం బోరుకి 4 థౌ. 70 ఎంఎం అంటే రెండు ముప్పావు అంగుళాలు, కాబట్టి 11 థౌ, సుమారు 0.28 ఎంఎం. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమానంగా కూర్చోబెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడు. తక్కువుంటే ఆకురాయితో రుద్దుకోవచ్చు, ఎక్కువుంటే రింగులు మార్చడమే.

కావలి_పాతబండి
బోరు సంగతి లేత్ అన్న చెప్పేశాడు, నేను బిగ్ ఎండ్ గురించి చెప్తా. రోలర్ వేసెయ్. నా 350కి వేయించా, కావలి నుంచి ఒంగోలు హైవే మీద నిశ్చింతగా పోతున్నా. ఈ ఫ్లోటింగ్ బుష్ పాత కాలం రోడ్లకి, పాత కాలం స్పీడ్‌కి పెట్టింది. ఆయిల్ ప్రెజర్ కాస్త తగ్గినా బుష్ మీదుండే మెత్తటి వైట్ మెటల్ పూత కరిగి కూర్చుంటుంది. రోలర్ అయితే కొంచెం ఆయిల్ చిమ్మినా బతుకుతుంది.

పొగతోట_350
మళ్లీ మొదలు. కావలి అన్నా, నువ్వు చెప్పిన దాంట్లోనే జవాబుంది, "ఆయిల్ ప్రెజర్ తగ్గితే" అన్నావు కదా. బుష్ పోయిందంటే ముందు చూడాల్సింది ఆయిల్ ఎందుకు అందలేదు అని. ఆ బుష్ లోపలా బయటా వైట్ మెటల్ పూత ఉండి, పిన్నుకీ రాడ్డుకీ మధ్య తనూ తిరుగుతూ ఆయిల్ పొర మీద తేలుతుంది. చప్పుడు ఉండదు, వైబ్రేషన్ తక్కువ. పంపు సరిగ్గా ఉండి, ఫిల్టర్ మార్చుకుంటూ ఉంటే తరాలు నడిచిన బండ్లున్నాయి. పంపు అరిగిపోయిన ఇంజిన్‌లో రోలర్ వేస్తే జబ్బు అట్నే ఉంటుంది, నీకు తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది.

కావలి_పాతబండి
తరాలు నడిచినవి నలభై దాటని బండ్లు. నేను ఎనభైలో పోతా.

పొగతోట_350
కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ని ఎనభైలో కావలి నుంచి ఒంగోలు దాకానా? అయితే నీకు కావాల్సింది రోలర్ కాదు, వేరే బండి.

చీమకుర్తి_గెలాక్సీ
😂😂

టాపెట్_చప్పుడు
ఇద్దరూ కొట్టుకునే ముందు అసలు బిగ్ ఎండ్ పోయిందా లేదా తేల్చాలి కదా. కోవూరు తమ్ముడూ, రాడ్డు పక్కలకి కదిలితే కంగారుపడొద్దు, అది ఉండాల్సిన ఖాళీనే. ఫ్లోటింగ్ బుష్‌లో కొంచెం ఊగినట్టు కూడా అనిపిస్తుంది. పిస్టన్ పైకొచ్చే స్థానంలో క్రాంక్ కదలకుండా పట్టుకుని, రాడ్డుని నిలువుగా నెట్టి లాగు. అప్పుడు టక్‌మంటేనే పోయినట్టు. చేతులకి జిడ్డు లేకుండా చూసుకో, జారి నీ వేలు తగిలినా అదే చప్పుడొస్తుంది.

పొదిలి_డీజిల్
మా ఊళ్లో ఇవేవీ లేని బుల్లెట్ ఉండేది. టారస్, 325 సీసీ డీజిల్ ఇంజిన్. స్టార్ట్ చేస్తే పక్క వీధిలో గేదెలు లేచి నిలబడేవి. మైలేజీ మాత్రం ఇప్పటి ఏ బుల్లెట్టూ ఇవ్వదు.

ఒంగోలు_లేత్
పొదిలి, వేరే థ్రెడ్ పెట్టుకో బాబూ.

కోవూరు_కిక్కర్
నట్టు వచ్చేసింది! కొంచెం హీట్ గన్ చూపించి, టాపెట్ అన్న చెప్పిన వైపు తిప్పితే నిక్షేపంగా వచ్చింది. పళ్లు బాగానే ఉన్నాయి.

బ్యారెల్ ఆటోనగర్‌లో వేరే షాపుకి తీసుకెళ్లి కొలిపించా. ముందు-వెనక దిక్కులో పైన 9 థౌ అరిగింది, అదే ఎత్తులో ఎడమ-కుడి 6, కింద అంచు దగ్గర 2. రాడ్డు నిలువుగా కూడా కొడుతోంది, కాబట్టి బిగ్ ఎండ్ పోయినట్టే. క్రాంక్ బయటికి తీసి విప్పించాలి. కేసులు విడదీయడానికి ఏమైనా కిటుకు ఉందా? ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంది, దాని మీద కేసు వేడి చేయొచ్చా?

ఒంగోలు_లేత్
9 థౌ అంటే 20కి శుభ్రంగా వస్తుంది. నలభై అన్న పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్పు.

మైపాడు_ఉప్పుగాలి
ఇండక్షన్ మీద అల్యూమినియం వేడెక్కదు అబ్బాయ్, ఆ పొయ్యికి ఇనుము కావాలి. పెద్ద దోసె పెనం అడుగున పెడితే పెనం కాలుతుంది, కేసు ఒక్క చోటే వేడెక్కి వంకర పోతుంది. గ్యాస్ మంట నేరుగా చూపించినా అదే గతి. ఓవెన్ ఉంటే మేలు, వంద డిగ్రీలు చాలు. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోవాలి. అప్పుడు పాత బేరింగ్‌ని చెక్కతో తడితే పడిపోతుంది, కొత్త బేరింగ్‌ని ఫ్రీజర్‌లో ఉంచి తెచ్చి వేస్తే దానంతట అదే కూర్చుంటుంది. సుత్తి పట్టుకోవాల్సి వచ్చిందంటే వేడి చాలలేదని. ఓవెన్‌లో పెట్టేముందు కేసు కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వు, లేకపోతే నెల రోజుల పాటు ఆ ఓవెన్‌లో కేకు చేసినా ఇంజిన్ వాసనే.

కందుకూరు_చోక్
మా ఇంట్లో ఆ ఓవెన్ పేరే ఇప్పుడు గ్యారేజ్. మా ఆవిడ కొత్తది కొనిపించింది.

పొగతోట_350
కేసుల గురించి ఒక్క మాట. రెండు సగాలూ కలిపి మెషిన్ చేసిన జత. ఒక సగం పగిలిందని ఇంకో ఇంజిన్‌లో సగం తెచ్చి వేయకు, బేరింగులు వరసలో ఉండవు. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి విడదీయొద్దు, ఆ గీత జీవితాంతం ఆయిల్ కారుస్తుంది.

కావలి_పాతబండి
బుల్లెట్ ఆయిల్ కారట్లేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం, ఇది శాస్త్రం.

ఆర్టీవో_గేటు
కేసు గురించి ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. ఇంజిన్ నంబర్ కొట్టి ఉండేది క్రాంక్ కేసు మీదే. చవగ్గా దొరికిందని ఎవడిదో కేసు తెచ్చి వేశావంటే ఆర్‌సీలో ఉన్న నంబరు ఒకటి, బండి మీద ఉన్నది ఇంకోటి అవుతుంది. రెన్యువల్‌కి పోతే ఇన్‌స్పెక్టర్ నంబర్ల మీద పెన్సిల్ అచ్చు తీస్తాడు, అక్కడ దొరికిపోతావు. ఆ రెండో కేసు దొంగబండిది అయితే ఇంక చెప్పక్కర్లేదు. పాత కేసుకి పగులుంటే వెల్డింగ్ చేయించుకో కానీ నంబరు ఉన్న చోటు మాత్రం ముట్టుకోనివ్వకు. పాలిష్ కొట్టేవాడికి కూడా ముందే చెప్పు, మెరుపు కోసం అంకెలు అరగదీస్తారు.

తాతగారి పేరు మీదే ఉందా ఆర్‌సీ?

కోవూరు_కిక్కర్
అవును, తాత పేరు మీదే. ఆయన లేరు. ఆర్‌సీ పుస్తకం ఉంది, చెదలు కొంచెం తిన్నాయి కానీ నంబర్లు కనిపిస్తున్నాయి. 50 ఏళ్లు దాటితే వింటేజ్ నంబర్ ఇస్తారంట కదా, దానికి పెడదామా?

ఆర్టీవో_గేటు
ముందు వారసత్వం మీద నీ పేరుకి మార్చుకో, దానికి ఫారం 31. తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25. డెత్ సర్టిఫికెట్, మిగతా వారసులు ఒప్పుకున్నట్టు కాగితం రెడీ పెట్టుకో, మేనత్తలు ఉంటే ఇప్పుడే ఫోన్ చెయ్.

వింటేజ్ రూల్ 2021లో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. కొత్తగా వీఏ సిరీస్‌లో నంబరుకి ఫీజు 20,000, పదేళ్లకి. ముందే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. అసలు చిక్కు ఎక్కడంటే వింటేజ్‌గా పెట్టాక దాన్ని రోజువారీ తిప్పకూడదు. రోజూ కూరగాయలకి వెళ్లాలనుకుంటే మామూలు రెన్యువల్లే మేలు.

పొగతోట_350
విన్నావా కావలి అన్నా, "ఇంజిన్ అసలు రూపంలో". బుష్ వెయ్యమని గవర్నమెంటే చెప్తోంది.

కావలి_పాతబండి
ఇన్‌స్పెక్టర్ క్రాంక్ విప్పి చూస్తాడేంది?

కోవూరు_కిక్కర్
క్రాంక్ విప్పించా. ఒంగోలు లేత్ అన్నా, ఫొటో పెట్టా చూడు. పిన్ను కోడిగుడ్డు ఆకారంలో అరిగింది, బుష్ మీద వైట్ మెటల్ అక్కడక్కడా ఊడొచ్చింది, రాడ్డులో లైనర్ మీద గీతలు. కొత్త బుష్ ఒక్కటే వేస్తే సరిపోదంటున్నాడు షాపాయన.

ఒంగోలు_లేత్
ఆయన చెప్పింది నిజం. పిన్ను, బుష్, లైనర్ మూడూ సెట్‌గా మార్చు. ఆ పిన్ను మీద ఏ బుష్ పెట్టినా తొందర్లోనే మళ్లీ నాకు ఫొటో పంపుతావు. ప్రెస్ చేశాక రెండు ఫ్లైవీల్స్ వరసలో ఉన్నాయో లేదో సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో చూడమను, 2 థౌ లోపు ఊగాలి. "చేత్తో తిప్పితే ఫ్రీగా ఉంది చాలు" అంటే ఒప్పుకోకు. దగ్గరుండి గేజ్ ముల్లు నువ్వే చూడు, మొహమాటపడకు. వెళ్లేటప్పుడు ఒక పొట్లం మలైకాజా తీసుకెళ్తే ముల్లు ఇంకా బాగా ఆగుతుంది, అది మా ఫీల్డులో నడిచే పద్ధతి.

ఇప్పుడిక రోలరా బుష్షా నీ ఇష్టం. రెండిటికీ ఖర్చు ఇంచుమించు అంతే. నన్నడిగితే పంపులు బాగుచేసుకునే ఓపిక ఉన్నవాడికి బుష్, లేనివాడికి రోలర్.

కోవూరు_కిక్కర్
బుష్షే వేస్తా. పంపులు కూడా ఎట్టాగూ విప్పే ఉన్నాయి. సామాన్లు ఎక్కడ కొనాలి? ఇక్కడ షాపులో చూపించిన పిన్ను ప్యాకెట్ మీద అచ్చు కూడా సరిగ్గా లేదు.

మైపాడు_ఉప్పుగాలి
రైలెక్కి మద్రాసు వెళ్లు, నెల్లూరు నుంచి పట్టుమని 180 కిలోమీటర్లు కూడా లేదు. పాతవాటికి పుదుపేట, కొత్త సామాన్లకి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. మన దేశపు పాత బుల్లెట్లు తయారైందే అక్కడి తిరువొత్తియూర్‌లో కదా, అక్కడ దొరకనిది ఇంకెక్కడా దొరకదు. వెర్నియర్ జేబులో పెట్టుకుని పో. పిన్ను, బుష్ అక్కడే కొలిచి చూసుకో, కొలవనివ్వని షాపు గడప దిగెయ్. తమిళం రాకపోయినా పర్లేదు, బేరం ఆడేటప్పుడు అందరికీ తెలుగు వస్తుంది.

పొగతోట_350
పంపుల దగ్గరికి వచ్చావు కాబట్టి, బుష్ బతకాలంటే ఇవి చూడు. పంపు డిస్కులు కూర్చునే ముఖాలు గీతలు పడి ఉంటే మెటల్ పాలిష్ లాంటి సన్నని పేస్ట్ పెట్టి నిదానంగా అరగదీసి సమం చెయ్. డిస్కు ముఖాన్ని ముందు మందపాటి గాజు పలక మీద రుద్దితే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో కనిపిస్తుంది. తర్వాత టైమింగ్ కవర్‌లో క్రాంక్ చివరికి ఆయిల్ ఎక్కే చోట చిన్న కార్క్ సీల్ ఉంటుంది, చిటికెన వేలి గోరంత. పది రూపాయల వస్తువు అని దాన్ని పాతదే పెట్టేస్తారు. అది ఎండిపోతే బిగ్ ఎండ్‌కి పోవాల్సిన ఆయిల్ అక్కడే పక్కకి కారిపోతుంది, పైకి ఏమీ తెలియదు. నీ బుష్ పోయింది కూడా దానివల్లేనని నా అనుమానం. షెడ్డులో ఏళ్ల తరబడి ఎండింది కదా.

కందుకూరు_చోక్
ఈ ఒక్క పోస్ట్ కోసం ఈ థ్రెడ్ మొత్తం సేవ్ చేసుకున్నా.

కోవూరు_కిక్కర్
కార్క్ తీశా. వేలితో నొక్కితే పొడి అయింది. పొగతోట అన్నా, దండం.

టాపెట్_చప్పుడు
బిగించేటప్పుడు నావి రెండు మాటలు. బుల్లెట్ ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటుంది, తర్వాత అందులోంచి పుల్ల పెట్టి పిస్టన్ ఎత్తు కొలవడం కుదరదు. హెడ్డు ఎక్కించకముందే డయల్ గేజ్ పెట్టి టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానం), దానికి 0.8 ఎంఎం ముందు, రెండూ ఆల్టర్నేటర్ రోటార్ మీద గుర్తు పెట్టుకో. పాయింట్ల (ప్లగ్‌కి నిప్పురవ్వ పంపే కాంటాక్టులు) ఖాళీ 0.35 నుంచి 0.40 ఎంఎం మధ్య పెట్టు, అవి ఆ 0.8 దగ్గర సరిగ్గా తెరుచుకోవాలి, ఆటో అడ్వాన్స్ (స్పీడ్ పెరిగేకొద్దీ నిప్పురవ్వని ముందుకు జరిపే బరువులు) పూర్తిగా వెనక్కి ఉండగా. మధ్యలో సిగరెట్ పేపర్ పెట్టి మెల్లగా లాగుతుంటే ఎక్కడ జారుతుందో అదే పాయింటు.

టాపెట్లు (వాల్వుల ఖాళీ) సెట్ చేసేది చల్లటి ఇంజిన్ మీద, పిస్టన్ కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు. పుష్‌రాడ్డు వేళ్లతో తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఫీలర్ గేజ్ అక్కర్లేదు.

కోవూరు_కిక్కర్
ఇంజిన్ ఫ్రేములో ఎక్కింది. బోరు 20, పిన్ను సెట్టు, కొత్త కార్క్, డిస్కులు రుద్దా, ఫ్లైవీల్ ఊగుడు ఒకటిన్నర థౌ. ఫిల్టర్ గదిలో ఆయిల్ నింపాకే మూత పెట్టా. కిక్ కొడితే అందుకుంది! వీధి మొత్తం వచ్చి నిలబడింది. వెంటనే ఆపేశా, ఆయిల్ పైకి వస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

పొగతోట_350
ఐడ్లింగ్‌లో ఉంచి హెడ్డు దగ్గర రాకర్ ఆయిల్ పైపు బాంజో బోల్ట్ కొంచెం వదులు చెయ్. ఆయిల్ ఊరుతూ రావాలి. ఎంత చూసినా రాకపోతే ఇంజిన్ ఆపెయ్, "వస్తుందిలే" అని రేజ్ చేయకు. అది వచ్చిందంటే రిటర్న్ పంపు బాగుందని. బిగ్ ఎండ్ వైపు పంపేది వేరే పంపు, దాని కోసం ఫిల్టర్ మూత కూడా ఒకసారి కొంచెం వదులు చేసి చూడు.

కోవూరు_కిక్కర్
రెండు చోట్లా వచ్చింది. నిన్న సాయంత్రం బుచ్చిరెడ్డిపాలెం దాకా వెళ్లొచ్చా, నలభై దాటించలేదు. హెడ్డు దగ్గర పొడిగానే ఉంది, గేర్‌బాక్స్ కింద మాత్రం కావలి అన్న చెప్పిన శాస్త్రం కనబడుతోంది. చిక్కల్లా కిక్కే, వెనక్కి తంతోంది. వేడిగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ, ఇవాళ కాలు జివ్వుమంది.

కావలి_పాతబండి
ఆంపియర్ ముల్లు చూస్తున్నావా? మెల్లగా నొక్కుతూ ముల్లు మధ్యకి వచ్చిన చోట ఆగి, డీకంప్రెషన్ లీవర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసేది) పట్టుకుని కొంచెం దాటించి, వదిలేసి, కిక్ పైకి తెచ్చి అప్పుడు పూర్తిగా దిగు. షూ వేసుకో, చెప్పులతో వద్దు.

కోవూరు_కిక్కర్
అట్నే చేస్తున్నా అన్నా. అయినా పదిసార్లలో రెండు మూడు సార్లు తంతోంది.

టాపెట్_చప్పుడు
అయితే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు. సాగిపోయి ఉంటే బరువులు వెనక్కి రాకుండా అడ్వాన్స్‌లోనే నిలిచిపోతాయి, కిక్ కొట్టేటప్పుడు ముందే మండి వెనక్కి నెడుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి క్యామ్‌ని వేళ్లతో తిప్పి వదులు, టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా స్ప్రింగులు మార్చు, బరువులు తిరిగే పిన్నులకి ఒక్కో చుక్క ఆయిల్ వెయ్. అది సరిచేసే దాకా టైమింగ్ జోలికి పోకు.

కోవూరు_కిక్కర్
ఇప్పుడే చూశా, సగంలో ఆగిపోతోంది. ఒక స్ప్రింగు కొక్కెం తెగి ఉంది. నెల్లూరులో అడిగితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం కొనాలంటున్నారు.

కావలి_పాతబండి
కొనొద్దు. నా దగ్గర మంచి జత ఒకటి పాత డిస్ట్రిబ్యూటర్‌లో ఉంది. ఆదివారం కావలి రా, బస్సులో రా, బండి మీద వద్దు. రోలర్ ఎంత స్మూత్‌గా ఉంటుందో కూడా చూపిస్తా.

పొగతోట_350
నేనూ వస్తున్నా, వీణ్ణి నీ దగ్గర ఒంటరిగా వదలను.